చెట్ల మీద మా అత్త కేక

మా అత్త పోయిందన్న కబురు నాకు ఎనిమిదో తరగతి గదిలో ఉండగా తెలిసింది. పిల్లల చేత భిన్నాలు చేయిస్తున్నాను. పాఠం మధ్యలో ఫోను ఎత్తకూడదన్నది మా బడి నియమం. కానీ మా మరిది ఆ వేళప్పుడు ఎప్పుడూ చెయ్యడు. వరండాలోకి వెళ్లి ఎత్తాను.

"ఒదినా, అమ్మ పోనాది" అన్నాడు.

పొద్దున్నే ఒడ్డున చేపలు తీసుకుని, తట్ట నింపుకుని, నెత్తికెత్తమని పక్కావిడను పిలిచిందట. ఆవిడ వచ్చేలోగా తట్ట పక్కనే కూలబడిపోయిందట. "తట్ట తిరగబడనేదొదినా. ఒక్క సేప కింద పడనేదు" అని ఏడ్చాడు మా మరిది. ఆ మాట ఎందుకు చెప్పాడో నాకు తెలుసు. ముప్పై ఏళ్లకు పైగా ఆమె నెత్తి మీంచి ఒక్క చేప జారలేదన్నది మా ఇంట్లో అందరికీ గొప్ప. నాకు కూడా. కాకపోతే, ఆ గొప్ప నాకు ఆలస్యంగా అబ్బింది. ఆ ఆలస్యం సంగతే మీకు చెప్పాలని కూర్చున్నాను.

మాది బొబ్బిలి దగ్గర వరి పండించుకునే కుటుంబం. మా ఆయన లైన్‌మాన్. మా ఊళ్లో కరెంటు తీగ బాగుచెయ్యడానికి వచ్చినవాడు, తీగతో పాటు నన్నూ బాగుచేసి తీసుకుపోయాడని మా నాన్న ఇప్పటికీ దెప్పుతాడు. సముద్రం ఒడ్డున వాళ్లింట్లో నేను కాలు పెట్టిన రోజు మా అత్త నన్ను పైనుంచి కిందికి చూసి, "అన్నం పండించినోల్ల పిల్ల సేపలు పట్టినోల్లింటికొచ్చినాది. ఇంకేటి, మా కంచం నిండిపోనాది" అంది. అంతకు మించిన దీవెన నాకింకెవరూ పెట్టలేదు.

తెల్లారకుండా ఒడ్డుకు వెళ్లడం, చేపలు తీసుకుని ఆటోలో శ్రీకాకుళం రావడం, అక్కణ్నుంచి వీధి వీధీ నడవడం ఆమె పని. చీర గోచీ పోసి కట్టేది. కాళ్లకు చెప్పులుండవు. పాత గుడ్డను గుండ్రంగా మెలిపెట్టి చేసిన చుట్టకుదురు నెత్తిన పెట్టుకుని, దాని మీద అల్యూమినియం తట్ట. తట్ట మీద చెయ్యి వెయ్యకుండా నడిచేది. ఇక కేక. "పచ్చి సేపలో... కవళ్ళో... నెత్తళ్ళో... సందవలో!" అని మొదలుపెట్టి, చివరి 'లో' దగ్గర గొంతు పైకి లేపి అక్కడే నిలబెట్టేది. ఆ చివర విని ఎవరి కేకో చెప్పేసేవారు జనం. గిన్నె కడుక్కుని గేటు దగ్గరికి వచ్చేలోగా ఆమె వచ్చేసేది. తూకం లేదు, చేత్తోనే వేసేది, మీదట కొసరుకో చేప.

నాకు శ్రీకాకుళంలో ఓ ప్రైవేటు బడిలో ఉద్యోగం దొరికాక అక్కడే అద్దెకు దిగాం. ఆ వీధిలోనే మా బడి టీచర్లు ఇద్దరు ఉంటారు. మీ అత్తగారేం చేస్తారని అడిగితే "వ్యాపారం" అన్నాను. ఎంత చక్కని మాటో చూడండి! ఆ వారంలోనే మా అత్తతో, "అత్తా, మా వీధిలో మాత్రం కేకెయ్యకు" అని చెప్పాను. సిగ్గు లేకుండా చెప్పాను. ఆమె తట్ట దించి, నాకోసం దాచిన రెండు సందవ చేపలు గిన్నెలో వేసి, "సర్లే అమ్మా" అంది. ఎందుకని అడగలేదు. అడిగి ఉంటే పోట్లాడేదాన్ని, పోట్లాడితే నాకు కొంచెం నయంగా ఉండేది.

అప్పట్నుంచి రెండేళ్లు పొద్దున్నే వంటింట్లో అదే వినేదాన్ని. కేక పక్క వీధిలో మొదలై దగ్గరకు వస్తుంది. మా వీధి మలుపు దగ్గర ఆగిపోతుంది. మా వీధంతా ఆమె నోరు విప్పకుండా నడిచి, అవతలి మలుపు తిరిగాక మళ్లీ అందుకుంటుంది. ఎదురింటావిడ ఒకసారి, "చేపలావిడ మన వీధికే రావడం మానేసిందేంటో, గిన్నె పట్టుకుని చూడ్డమే అవుతోంది" అని నాతోనే అంది. నేను పోపు మాడుతోందని లోపలికి వచ్చేశాను.

ఆ రెండేళ్ల చివర మా బడి టీచర్లందరం కొండల్లో చెట్ల మీద తాళ్ల వంతెనలు కట్టి, తీగకు వేలాడుతూ జారే జిప్‌లైన్ పెట్టిన ఓ పార్కుకు వెళ్లాలనుకున్నాం. ఒక్కొక్కరితో ఇంట్లోవాళ్లు ఒకరు రావచ్చు. మా ఆయన వస్తానన్నాడు గానీ ముందురోజు గాలివాన పడి స్తంభాలు ఒరిగిపోయాయి, డ్యూటీ పడింది. "అమ్మను తీసికెళ్లు, కొండల్లో రైలు సూడనేదు పాపం" అన్నాడు. కాదనడానికి నా దగ్గర చెప్పుకోదగ్గ కారణం లేదు, ఉన్నది చెప్పుకోలేనిది.

మా అత్త నా పరువు కోసం పట్టణం ఆడవాళ్లలా కుచ్చిళ్లు పెట్టి చీర కట్టుకొచ్చింది. కొత్త చెప్పులు కొనుక్కుంది, అవి కరిచి మడమలు పుండ్లయ్యాయి. కొత్తవలసలో రైలు మారేటప్పుడు చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తింది. సంచిలో ఎండు నెత్తళ్ళ వేపుడు ఉంది. దారి పొడుగునా ఆ సంచి మూతి ఎవరూ విప్పకుండా నేను కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాను. నా భయం అర్థమయ్యే కాబోలు, రైల్లో ఆమె ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు. సొరంగాలు వచ్చినప్పుడు మాత్రం చిన్నపిల్లలా నా చెయ్యి గిల్లింది.

పార్కులో చీరలున్నవాళ్లను పైకి ఎక్కనివ్వం అన్నారు. మా అత్త సంచుల కాపలాకు చెట్టు కింద కూర్చుంది. మేం చుడీదార్ల వాళ్లం బెల్టులూ హెల్మెట్లూ తగిలించుకుని నిచ్చెన ఎక్కాం. మొదటి వంతెన వల లాంటిది, నవ్వుకుంటూ దాటేశాను. రెండోది విడివిడి చెక్కలు. ఒక్కో చెక్కా ఒక్కో తాడుకు వేలాడుతూ, కాలు పెడితే పక్కకు పోతుంది. సగం దాకా వెళ్లి కిందికి చూశాను. అంతే! తాడు పట్టుకుని కళ్లు గట్టిగా మూసుకున్నాను. వెనక సోషల్ టీచరు, "మేడం, కదలండి, ఏం కాదు" అంటోంది. బెల్టులు కట్టే ఆయన కింద నుంచి, "కొక్కెం ఉందమ్మా, పడమన్నా పడరు" అంటున్నాడు. వాళ్లు చెప్పేకొద్దీ తాడును ఇంకా బిగించి పట్టుకున్నాను. ఏడ్చేశాను కూడా. భిన్నాలు చెప్పే టీచర్ని, చెట్టుకు వేలాడుతూ ఏడ్చాను.

కింద సంచులు ధబ్‌మన్న చప్పుడు వినిపించింది.

"బాబూ, ఆ బెల్టేదో నాకూ కట్టు."

"చీరతో కుదరదమ్మా."

"సీరే కదా నీ బాద! ఒక్క గడియుండు." తర్వాత అందరూ చెప్పుకుని నవ్విందేమిటంటే, ఆమె చెట్టు చాటుకు వెళ్లి, కుచ్చిళ్లు ఊడదీసి, గోచీ బిగించి వచ్చిందట. ఆ కట్టు మీద బెల్టు అచ్చు ప్యాంటు మీద కూర్చున్నట్టే కూర్చుంది. హెల్మెట్ ఇస్తే, నడుం దగ్గర దోపుకున్న చుట్టకుదురు తీసి ముందు నెత్తిన పెట్టుకుని, దాని మీద హెల్మెట్ పెట్టబోయిందట. అది తాటికాయంత ఎత్తున నిలబడింది.

"అమ్మా, కింద గుడ్డ తియ్యాలి."

"కుదురు నేకుండా నెత్తిమీద ఏదీ ఎట్టుకోను బాబూ, అలవాటు నేదు."

చివరికి కుదురును మెడలో వేసుకోవడానికి ఒప్పుకుంది. వంతెన అవతలి చెట్టుకున్న నిచ్చెన మీంచి ఎక్కి, నాకు ఎదురుగా ఉన్న చెక్క అరుగు మీద నిలబడింది. ఆమె గొంతు దగ్గరగా వినిపించింది.

"ఏటే పిల్లా, కిందకు సూసినావా?"

"చూశానత్తా."

"నెత్తిమీద బరువున్నోల్లు కిందకు సూడరు. నీకు బరువు నేదు, అదీ వొచ్చిన సిక్కు. సర్లే, కల్లు అలాగే మూసుకునుండు. తియ్యకు. నా గొంతు ఎటేపునుంచి వొస్తాదో అటేపు అడుగెయ్యి."

నేను తలూపాను. ఆమె గొంతు మాత్రం రాలేదు. వెనక మా టీచర్లు, కింద మా హెడ్‌మాస్టారమ్మ, అందరూ చూస్తున్నారని నాకు తెలుసు. అప్పుడు మా అత్త బాగా గొంతు తగ్గించి, నాకొక్కదానికే వినపడేట్టు అడిగింది.

"కేకెయ్యనా అమ్మా?"

ఆ మాట ఇప్పటికీ నా గుండెలో గుచ్చుకునే ఉంది. ప్రాణం మీదికొచ్చిన నా దగ్గర, నన్ను దాటించడానికి వచ్చిన మనిషి అనుమతి అడుగుతోంది! రెండేళ్ల నా కండిషను ఆమె చెట్టెక్కి కూడా తప్పలేదు.

"వెయ్యత్తా" అన్నాను. "గట్టిగా వెయ్యి."

"పచ్చి సేపలో..."

కుడికాలు చెక్క మీద పడింది.

"కవళ్ళో... నెత్తళ్ళో..."

చెక్క పక్కకు పోయింది. పోనిచ్చాను. కేక ఉన్నవైపే తిరిగి ఇంకో అడుగు, ఆపైన ఇంకోటి. రెండేళ్లు మా వీధిలో వినకుండా పోయిన కేకంతా ఆ కొండ మీద విన్నాను. చివరి 'లో' ఆమె ఎత్తి పట్టుకుని ఉండగానే చేపల వాసన వచ్చే ఆ చెయ్యి నా మణికట్టు పట్టుకుంది. కళ్లు తెరిస్తే ఆమె నవ్వుతోంది. నేను ఆమె భుజం మీద పడి గుక్కపట్టి ఏడ్చాను. "సాల్లే, నా గోసి తడిపీకు" అంది.

ఆ అరుగు మీంచే జిప్‌లైన్. నన్ను "నువ్వు నిచ్చెన దిగు, నీకీపూటకి సాలు" అని పంపేసి, "ఇంతెత్తు ఎక్కాక ఊరికే దిగిపోతానేటి?" అని తను తీగకు తగిలించుకుంది. లోయ మీదుగా, గోచీ కట్టుతో, మెడలో చుట్టకుదురుతో, కాళ్లు చాపుకుని, తీగ పొడుగునా "పచ్చి సేపలో" అని అరుస్తూ పోయింది మా అత్త. కాఫీ తోటల్లో పనిచేసేవాళ్లు తలలెత్తి చూశారు.

"ఎవరమ్మా ఆవిడ?" అంది మా హెడ్‌మాస్టారమ్మ.

"మా అత్త" అన్నాను. "చేపలమ్ముతుంది. మన వీధుల్లోనే. ముప్పై ఏళ్లుగా." అంత గట్టిగా చెప్పాల్సిన పని లేదు, ఆవిడ నా పక్కనే ఉంది. అయినా అలాగే చెప్పాను. మధ్యాహ్నం నెత్తళ్ళ సంచి మూతి నేనే విప్పాను. హెడ్‌మాస్టారమ్మ రెండుసార్లు పెట్టించుకుంది.

మర్నాడు పొద్దున్నే పొయ్యి కట్టేసి వీధి మలుపుకు వెళ్లి నిలబడ్డాను. మా అత్త వచ్చింది. అలవాటు ప్రకారం నోరు మూసుకోబోతుంటే, "ఇక్కడ ఆపకత్తా" అన్నాను. "ఏటే, మల్లీ బయమేసినాదేటి?" అని నవ్వి, మా వీధి అదిరేలా కేకేసింది. ఆ తర్వాత ఒక్క రోజూ ఆపలేదు. నేను చేసినదాన్ని ఆమె ఎప్పుడూ దెప్పలేదు. మా ఆయనతో కూడా చెప్పలేదని ఆమె పోయాకే తెలిసింది.

పదకొండో రోజు కార్యక్రమం అయ్యాక మరిది సామాన్లు తీస్తుంటే తట్టా, చుట్టకుదురూ నాకు కావాలన్నాను. శ్రీకాకుళం వచ్చేసరికి మా వీధిలో కాలవ పని జరుగుతోంది, ఆటో మలుపు దగ్గరే ఆగింది. మా ఆయన సంచులు అందుకున్నాడు. నేను కుదురు నెత్తిన పెట్టుకుని, తట్ట ఎత్తుకున్నాను. ఖాళీ తట్టే, అయినా మెడ నిటారుగా నిలబడింది. కళ్లు వాటంతటవే ఎదురుగా వీధి చివరికి పోయాయి. ఆమె రెండేళ్లు నోరు మూసుకున్నది ఈ మలుపులోనే.

"పచ్చి సేపలో..."

నా గొంతు నాకే కొత్తగా ఉంది. చివరి 'లో' పైకి లేవలేదు, విరిగిపోయింది. మళ్లీ అందుకున్నాను. తలుపులు తెరుచుకున్నాయి. ఎదురింటావిడ గేటు దాకా వచ్చింది. మా అత్త పోయిందని ఆవిడకు తెలుసు, మొన్న వచ్చి ఏడ్చి వెళ్లింది కూడా. ఆవిడ చేతిలో కడిగిన గిన్నె ఉంది. నేను దగ్గరకు వచ్చేదాకా ఆవిడ దాన్ని అలాగే ముందుకు చాచి పట్టుకుని నిలబడింది.