వదిన పంచిన గోలీలు

ఈ రోజు ఫోను మోగలేదు. టవరు పడిపోయిందో, మందుల షాపుండే చర్లలో కరెంటే పోయిందో తెలియదు. పొద్దటి బీపీ గోలీ అరచేతిలో పెట్టుకొని గడపలో కూర్చున్నాను. నీళ్ల చెంబు పక్కనే ఉంది. మింగడానికి ఒకరి సెలవు అక్కర్లేదు, ఆ సంగతి నాకూ తెలుసు. అయినా మందుల షాపు మేడం ఫోను చేసి, "అవ్వా, గోలీ ఏసుకున్నవా?" అంటే తప్ప నాకు గొంతు దిగదు. కొన్ని రోజులు నాతో మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే. నిజానికి ఆ ఫోను మొదట నాకోసం వచ్చింది కాదు, మా వదిన కోసం.

వదిన అంటే మా ఇంటాయన అక్క. ఇద్దరికీ మొగుళ్లు పోయాక ఒకే కప్పు కింద చేరాం. ఆమెకు నోరు పెద్దది, చెయ్యి అంతకన్నా పెద్దది. నేను తల నెరిశాక పలక పట్టుకొని అక్షరాలు దిద్దుతుంటే, "ఏందే పిల్లా, యముడొచ్చి పేపరు చదవమంటడా?" అని ఎగతాళి చేసేది. బీపీ గోలీలు వచ్చాక, అట్ట మీద ఏముందో చదివి చెప్పమని అదే నోటితో నా వెనక తిరిగింది.

మా గూడెంలో ఒక పద్ధతి ఉంది. తేనెపట్టు కొట్టినా, వాగులో చేపలు పడినా ఇంటికింత వాటా పోవాలి. ఒక్కరే తింటే అరగదంటారు. వదిన ఆ పద్ధతిని గోలీలకూ పెట్టింది. ఎవరికి తల తిరిగినా, కాళ్లు లాగినా, మోదుగాకులో ఒక గోలీ చుట్టి పంపేది. నేను వద్దంటే, "అడిగినోళ్లకు లేదంటే ఈ ఇంటి ముందట ఎవరాగుతరే?" అనేది. నెలకని తెచ్చినవి నెల సగంలోనే ఖాళీ. మిగతా రోజులు ఆమెకు మందు లేదు, బీపీ దిగదు. దవాఖానాలో డాక్టరుకు ఈ వాటాల సంగతేం తెలుసు? ఉన్న మందు చాలట్లేదనుకొని ఇంకా గట్టి గోలీ రాశాడు. వదిన అదీ పంచింది.

ఆ గట్టి గోలీ ఒకటి పక్కింటి కోడలు వేసుకుంది. బాలింత, ఒంట్లో బలం లేని పిల్ల. బోరింగు దగ్గర బిందె ఎత్తుతూ కళ్లు తిరిగి పడిపోయింది. ముఖాన నీళ్లు కొడితే తేరుకుంది గానీ, వదిన ఆ పూట గంజి ముట్టలేదు. మరునాడు ఆ పిల్లను దవాఖానాలో చూపించి, అక్కడినుంచి నేరుగా మందుల షాపుకు పోయాం.

తిడుతుందనుకున్నాం. మేడం కౌంటరు దాటి వచ్చి బల్ల మీద మా పక్కన కూర్చుంది. "అవ్వా, నెల కాకముందే గోలీలు అయిపోయినయంటవు. ఎవరెవరికి పెట్టినవు?"

"వాడంతా పెట్టిన బిడ్డా. నేనొక్కదాన్నే ఎట్ల మింగుత?"

మేడం నవ్వు ఆపుకుంది. "తేనె అందరికీ ఒక్కటే. ఇది నీ ఒంటికి కొలిచి కుట్టిన రవిక అసొంటిది. ఆ పిల్ల తొడిగితే ఏమాయెనో చూసినవు కదా."

"మరి అడిగితే లేదనాలెనా? అది నాతోని కాదు."

తిరకాసంతా అక్కడే ఉంది. ఆమె చెయ్యి ఆపితే మనిషే ఆగిపోతుంది. అందుకు మేడం, "లేదనకు. షాపుల ఉన్నయని చెప్పు. సంతనాడు ఎంబడి తోల్కరా. బీపీ చూసి, ఎవరు డాక్టరు దగ్గరికి పోవాలెనో నేను చెప్త" అంది. వదినకు గోలీలు సంత నుంచి సంతకు సరిపడా మాత్రమే ఇచ్చింది. పొద్దటి కవరు మీద సూర్యుణ్ణి, రాత్రి కవరు మీద చంద్రుణ్ణి గీసింది. "నాకు చదువొచ్చు" అన్నాను కొంచెం పొగరుగానే. "నువ్వు లేని రోజున?" అంది మేడం. వదిన పగలబడి నవ్వింది. ఆ మరునాటి నుంచే పొద్దున్నే ఫోను.

అప్పటినుంచి సంతనాడు వదిన ముందు, గూడెంలో తల తిరిగేవాళ్లంతా వెనక, పెళ్లికి పోయినట్టు పోయేవాళ్లం. "జల్దీ నడువుండ్రి, మేడం మిషిను సల్లారిపోతది" అని అదిలించేది. ఆ వరుసలోనే నాకూ బీపీ ఉందని తేలింది. వదినకు బీపీ దిగింది. గోలీ తప్పకుండా కొన్నేళ్లు బతికి, మొన్నటి వానల్లో జ్వరమొచ్చి పోయింది. మరునాడు పొద్దున్నే ఫోను మోగింది. మేడంకు ఇంకా తెలియదు. "వదిన లేదు బిడ్డా" అన్నాను. మేడం మెల్లగా, "మరి నువ్వు ఏసుకున్నవా అవ్వా?" అంది.

ఎండ గడప దాటి లోపలికి వచ్చింది. ఫోను మోగలేదు. "ఏసుకున్నవానే పిల్లా?" అని నేనే పైకి అని, గోలీ నోట్లో వేసుకొని నీళ్లు తాగాను. గొంతు నాది గానీ మాట వదినది. ఇద్దరం ఉన్నప్పుడు ఏళ్లు ఎటు పోయాయో తెలియలేదు. పొద్దటి గోలీకీ రాత్రి గోలీకీ మధ్య ఎంత కాలముందో ఇప్పుడు తెలుస్తోంది.