అద్దంలో అరికాలు

మందమర్రి నుంచి కరీంనగర్ వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన బూటు విప్పి, చిన్న అద్దం పట్టుకుని అరికాలు చూసుకుంటున్నాడు. అక్కడ కొంతమేర చర్మం రంగు వేరుగా ఉంది. ఏమైందని అడిగాను.

“షుగర్ బిడ్డా. బూటుల మొల దిగినా తెల్వలే. పుండు ఎముకదాక పోయింది. డాక్టరమ్మ కుళ్లిన కండంత కోసేసి, తొడ తోలు తీసి గీడ అతికిచ్చింది.”

“ఇప్పుడు నొప్పి ఉందా?”

“నొప్పి తెలిస్తే అద్దమెందుకు?” అని నవ్వాడు. “నీకున్నదా షుగర్?”

ఉందన్నాను.

“ఏదీ, కాలు ఇటు పెట్టు.”

సిగ్గుపడుతూనే చెప్పు విప్పాను. మడమ కింద విరిగిన ముల్లు, దాని చుట్టూ చీము కనిపించాయి. అది ఎప్పుడు దిగిందో నాకు తెలియనే తెలియదు.

కరీంనగర్‌లో దిగగానే, “ఇంటికి తర్వాత పోదువు, నడువు” అంటూ నన్ను తన డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు.