డచ్చి చర్చి గడప

మెరుగు నూనె రాసిన పాత చెక్క వాసన ఎక్కడ తగిలినా, ఎవరి ఇంట్లోనైనా ఏ ఆఫీసులోనైనా, నా మనసు న్యూజెర్సీలో మా ఊరి డచ్చివాళ్ళ చర్చికే పరిగెడుతుంది. మూరెడు మందాన ఎర్రరాతి గోడలు, శిఖరం మీద సిలువకు బదులు రాగి కోడిపుంజు, బొమ్మలూ రంగులూ లేని మామూలు గాజు కిటికీలు, ఒక్కో బెంచీ వరసకు ఒక్కో చిన్న తలుపు. ఆ తలుపులు వేసుకుని మేం పిల్లలం రైలాట ఆడేవాళ్ళం. దేవుడి పటమైనా లేని గుడేమిటని అమ్మకు మొదట్లో అనుమానంగానే ఉండేది.

ఎనభైల మొదట్లో అక్కడ తెలుగువాళ్ళం పది కుటుంబాలం. అందరం కలవడానికి ఆ చర్చి కింది హాలు తప్ప వేరే చోటు లేదు. ఇండియా నుంచి కవర్లో వచ్చిన ఎండు వేపపూతతో పచ్చడి, స్టీలు డబ్బాల్లో పులిహోర, బొబ్బట్లు, ఉగాదంతా అక్కడే. చర్చి బాగోగులు చూసే హెండ్రికాగారు డెబ్బై దాటినా శనివారం శనివారం మోకాళ్ళ మీద కూర్చుని రాతి మెట్లు సబ్బునీళ్ళతో తోమేది. అది చూశాకే అమ్మకు ఆ చర్చి మీద గురి కుదిరింది. ఆవిడ మహా నిక్కచ్చి మనిషి. బెంచీ తలుపు విరగ్గొట్టి నేను కాదని బొంకినందుకు నన్ను గంటసేపు కదలకుండా కూర్చోబెట్టింది.

ఒక ఉగాది శనివారం నాడు వచ్చింది. "పండగపూట గడప బోసిగా ఉంటే ఎట్లాగే?" అంటూ అమ్మ చర్చి చెక్క గడపకు నిండుగా పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టేసింది. సాయంత్రం కడిగితే కుంకుమ పోయింది కానీ పసుపు పోలేదు.

"ఏం పనమ్మా ఇది! రేపు ఆదివారం సర్వీస్‌కి చర్చివాళ్ళు వచ్చి చూశారంటే ఇంక మనకి హాల్ ఇవ్వరు," అన్నారు ఒక అంకుల్. అమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు.

మర్నాడు తన తరఫున ఇంగ్లీషులో క్షమాపణ చెప్పమని నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. చర్చి పెద్దలు నలుగురు గడప చుట్టూ నిలబడి మొహాలు చిట్లిస్తున్నారు. నేను నోరు తెరిచేలోపే హెండ్రికాగారు ముందుకొచ్చింది.

"మస్టర్డ్. హాట్‌డాగ్‌లోకి తెచ్చుకున్నా, సీసా నా చేతిలోంచి జారింది," అంది, నా వైపు చూడకుండా. ఆ ఆవ సాసూ అచ్చం పసుపు రంగులోనే ఉంటుంది.

పెద్దలు ఆవిణ్ణే నాలుగు మాటలని లోపలికి వెళ్ళిపోయారు. మరుసటి ఉగాదికీ హాలు మాదే అయింది.

జనం తగ్గి ఆ చర్చి మూతపడింది. ఇప్పుడక్కడ ఎవరివో ఆఫీసులు; గడప పీకేసి గాజు తలుపు పెట్టారు. హెండ్రికాగారూ లేదు, అమ్మా లేదు. ఆ పసుపు సంగతి తర్వాత ఎన్నేళ్ళు కలిసినా అమ్మ ఆవిడకు థాంక్స్ చెప్పలేదు. ఆ మాత్రం ఇంగ్లీషు రాక కాదు. చెబితే ఆవిడ అబద్ధమాడిందని ఆవిడ మొహం మీదే అన్నట్టవుతుందని.