తెలిసినంతే గీయమన్న మాస్టారు

మా డ్రాయింగ్ మాస్టారు పోయిన శుక్రవారం ఉదయం చీరాలలో, వాళ్ళమ్మాయి ఇంట్లో కన్నుమూశారు. "టీ తాగి, బాగుందమ్మా అన్నారండి నాన్న. అంతే" అంది ఆమె ఫోనులో. వెళ్ళి చూసి వచ్చాం. బాధగానే ఉంది. కానీ ఆయన్ను తలుచుకుంటే నాకు నవ్వే ముందొస్తుంది. నవ్వకుండా ఆయన గురించి చెప్పడం నాకు చేతకాదు.

మంగళగిరిలో మేడ మీద మూడు గదుల ఆఫీసు మాది. కట్టబోయే భవనాన్ని గోడలు, దూలాలు, పైపులతో సహా ముందే కంప్యూటర్లో మోడల్‌గా నిలబెట్టడం మా పని. అక్కడ మాకందరికీ పని నేర్పింది ఆయనే. ముప్పయ్యేళ్ళు డ్రాయింగ్ బోర్డు మీద గీసి, యాభై దాటాక మౌస్ పట్టుకున్నారు. పెద్ద మోడల్ తెరుచుకునేలోపు బ్లేడుతో పెన్సిల్ చెక్కుతూ కూర్చునేవారు. ఎందుకని అడిగితే, "కంప్యూటర్ని తిట్టకుండా ఉండటానికమ్మాయ్" అనేవారు.

మోడల్లో దేన్ని ఎంత వివరంగా చూపాలో చెప్పే మెట్లుంటాయి: వంద, రెండు వందలు, మూడు వందలు. చదివితే నా తలకెక్కలేదు. ఆయన ఒక్క నిమిషంలో చెప్పారు.

"వందంటే సంబంధాలు చూస్తున్నారని. రెండొందలంటే మాటలు నడుస్తున్నాయని. మూడొందలంటే శుభలేఖలు అచ్చయిపోయాయని. అర్థమైందా?"

"అయింది మాస్టారూ" అన్నాను. కాలేదు.

గుంటూరు దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజీ పని వచ్చింది. తలుపుల కొలతలు ఇంకా ఎవరూ తేల్చలేదు. ఖాళీగా వదిలితే బాగుండదని ఇంటర్నెట్లో దొరికిన తలుపొకటి తెచ్చి పెట్టాను, పిడితో, బందులతో, స్క్రూలతో సహా. ఓనరు గారికి అది తెగ నచ్చింది. అంత వివరంగా ఉందంటే ఖాయమైందేనని ఆరు ఫ్రేములు చేయించేశారు. తీరా చూస్తే, మిర్చి బస్తాలు, అదే టిక్కీలు, పేర్చిన చేతిబండి వాటిలో పట్టదు. కొత్త పంట రావడానికి రెండు నెలలు కూడా లేదు.

ఓనరు గారు ఫోను చేస్తే ఎత్తింది నేనే. ఉద్యోగం పోయిందనుకున్నాను. మాస్టారు నన్ను బస్సెక్కించి సైటుకు తీసుకెళ్ళారు. దారంతా నేను ఓనరు గారికి చెప్పాల్సిన క్షమాపణలు వల్లించుకుంటున్నాను. ఆయనేమో కిటికీలోంచి చేలు చూస్తూ, "కాయ బాగా దిగింది చూడు" అంటున్నారు.

"ఎవరండీ ఈ తలుపు గీసింది?" అని గట్టిగా అరిచారు ఓనరు గారు.

"చూసి పంపింది నేనండి. తప్పు నాదే. మీరు కోప్పడుతూ ఉండండి, నేనీలోపు కొలత తీసుకుంటాను" అంటూ జేబులోంచి సుద్దముక్క తీశారు.

నేల మీద రెండు గీతలు గీసి, పక్క గోదాములో బస్తాలు మోసే ముఠా కూలీలను పిలిచి, వాటి మధ్య నిండు బండి నడిపించారు. ఇరుకనిపిస్తే గీత జరిపారు. మళ్ళీ నడిపించారు. "తలుపెంతుండాలని మమ్మల్ని అడిగినోళ్ళు ఇన్నేళ్ళలో మీరేనండి" అన్నాడు వాళ్ళలో పెద్దాయన. చివరికి ఓనరు గారే ఉండబట్టలేక బండి తోశారు. గీత తొక్కేశారు. అందరూ నవ్వారు, ఆయనతో సహా. ఆ గీతల కొలతకే కొత్త ఫ్రేములు చేయించారు. పాతవి ఆఫీసు గదులకీ, కూలీల విశ్రాంతి గదులకీ సరిపోయాయి.

తిరుగు బస్సులో ఏడ్చేశాను.

"శుభలేఖలు ముందే పంచేశావు, అంతేగా" అన్నారు మాస్టారు. "తెలిసినంతే గియ్యి. తెలియనిచోట ఒక డబ్బా పెట్టి, ఇంకా తేలలేదని రాయి. అందులో సిగ్గేముంది?"

ఇప్పుడు మా ఆఫీసులో కొత్తవాళ్ళ మోడళ్ళు చూసేది నేను. 'ఇంకా తేలలేదు' అని రాసి ఉన్న డబ్బా కనబడితే నాకు సంతోషం.

ఆ ఏడు పంటకు ముందే ఆ కోల్డ్ స్టోరేజీ సిద్ధమైంది. మొదటి లారీలు వచ్చిన రోజు మమ్మల్నీ పిలిచారు. టిక్కీలు దించుతుంటే ఘాటుకు మొదట ఓనరు గారు తుమ్మారు, తర్వాత నేను, తర్వాత వరసగా అందరం. మాస్టారు గుమ్మం పక్కన నిలబడి, కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంటూ, నవ్వుతూ, మళ్ళీ తుమ్ముతూ, "రానీ, రానీ" అని చెయ్యి ఊపుతున్నారు. నిండు బండి ఎటూ తగలకుండా ఆయన్ను దాటుకుని చల్లటి చీకట్లోకి వెళ్ళిపోయింది.