రెండు పంటలకు ఒక్క జింకు

మా అక్క భర్త పరకాల దగ్గర వరి రైతు. ఆకు మీద తుప్పు రంగు మచ్చ కనిపిస్తే ఆ పూట ఆయనకు అన్నం సయించదు. "జింకు తక్కువైంది" అని గట్టు మీదే తేల్చేసి, ఎరువుల దుకాణం తెరవకముందే దాని మెట్ల మీద కూర్చుంటాడు. అదే ఇంట్లో ఆరేళ్ల మనుమరాలు అన్నం ముందు పెట్టుకొని గోడకేసి చూస్తుంటే మాత్రం, "ఆడపిల్ల సన్నగుంటేనే మంచిగుంటది" అనేవాడు. వరికి ఇలాంటి వెసులుబాటు ఎన్నడూ ఇవ్వలేదు.

పిల్లకు కడుపులో నులిపురుగులు. బడిలో ఇచ్చిన గోలీతో పోయేవి, కొన్నాళ్లకు సొంత ఇంటికి వచ్చినట్టు వచ్చేవి. నడుమ విరేచనాలు. చివరికి బడికి నడిచే ఓపిక కూడా లేకపోయేసరికి, బావ పిల్లను వరంగల్‌లో నా దగ్గరికి తీసుకొచ్చాడు. పేపర్‌లో పనిచేసేవాడు వెంట ఉంటే దవాఖానలో లైను ఉండదని మా బంధువుల నమ్మకం. లైను ఉంది. "మా బామ్మర్ది పేపరోడు" అని బావ ముందున్నవాళ్లకు చెబుతూనే ఉన్నాడు. వాళ్లు "మంచిది" అన్నారు తప్ప జరగలేదు.

డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. గోలీ లోపలున్న పురుగులనే చంపుతుంది. మళ్లీ వచ్చేవాటితో ఒంట్లోని రక్షణ కణాలు తలపడాలి. జింకు తక్కువైతే ఆ కణాలు సరిగా తయారుకావు, పేగు లోపలి పొరా బలహీనపడుతుంది. ఉన్న కాస్త జింకూ విరేచనాలతో పోతుంది. జింకు పురుగును చంపదు, ఒంటికి సాయం చేస్తుందంతే. చేతులు కడుక్కోవడం, చెప్పులు వేసుకోవడం ఎటూ తప్పదు.

జింకు పేరు వినగానే బావ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"నాకెర్కే డాక్టరమ్మా. డీఏపీ ఎరువుతోని కలపొద్దు, గంతే గదా?"

ఆమె నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను.

"చాయ్‌తోని ఇయ్యొద్దు. రోజుకొకటి, అయిపోయేదాకా ఇయ్యాలె" అని జింకు గోలీలు రాసిచ్చింది.

కొన్ని వారాలకు అక్క ఫోన్ చేసింది. "తమ్మీ, పొల్లకు మళ్ల విరేచనాలు మొదలైనయి."

వెళ్లాను. గోలీలు అయిపోయాయా అని అడిగితే, అక్క విత్తనాలు దాచే అరలోంచి గోలీల పట్టీ తీసి నా చేతిలో పెట్టింది. ఒక్క గోలీ తప్ప అన్నీ ఉన్నాయి.

"నన్నెందుకు అడుగుతవ్, ఆ పెద్ద సైంటిస్టును అడుగు."

సైంటిస్టు తొణకలేదు. "ఒక్కపారి ఏస్తె జింకు రెండు పంటలకు ఆగుతది బామ్మర్ది. మిగిలినయి వచ్చే పంటకు పెట్టిన. ఎక్కువేస్తె దండుగ."

పొలంలో ఆ లెక్క ఏనాడూ తప్పలేదు. అందుకే కాబోలు, పిల్ల కళ్లు లోపలికి పోయినా ఆయనకు అనుమానం రాలేదు. పిల్లను మళ్లీ దవాఖానకు తీసుకెళ్లాం. డాక్టరమ్మ అంతా విని, నవ్వు ఆపుకొని చెప్పింది. "మట్టి దాసుకుంటది పెద్దయ్యా. ఒళ్లు దాసుకోదు. ఏ రోజు జింకు ఆ రోజుకే."

అమ్మినవాడు మోసం చేసిన భూమిని చూసినట్టు బావ మనుమరాలిని చూశాడు.

"అంటె, మా పొల్లది ఇసుక చెల్కన్నట్టు. ఎంతేసినా నిలువదు."

"అట్లనే అనుకోండ్రి. గోలీ మాత్రం ఆపకుండ్రి."

డాక్టరు మాటకు లేని విలువ ఇసుక చెలకకు వచ్చింది. అప్పటినుంచి పొలానికి పోయేముందు ఆయనే గోలీ ఇచ్చాడు, తనకు ఇంకా చాయ్ రాకముందే. జీవితమంతా వట్టి కాళ్లతో తిరిగిన మనిషి, పిల్ల చెప్పులు లేకుండా వాకిట్లోకి దిగితే కేకలు వేశాడు.

"తాతా, యూరియా ఎప్పుడేస్తవ్?" అని అది వెక్కిరించేది.

గోలీలు అయిపోయాక ఒకరోజు వెళ్లేసరికి పిల్ల బడి నుంచి వచ్చి అన్నం తింటోంది. కంచం ఖాళీ చేసి, "నానమ్మా, ఇంకింత పెట్టు" అంది. అక్క గరిటెతో ఆగిపోయింది. బావ లేచి వచ్చి, గట్టు మీద వంగినట్టు వంగి, దాని ముఖంలోకి చూశాడు.

"తేరుకున్నది" అన్నాడు.