నాలుగో టైరు

ఆయన అసలు పేరు ఫ్యాక్టరీ గేటు కార్డు మీద తప్ప ఇంకెక్కడా కనపడేది కాదు. అందరికీ ఆయన మిల్లీమీటరే. ముప్ఫై ఆరేళ్లు లేతు మిషను ముందు నిలబడి ఇనుము చెక్కిన మనిషి. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఆ ముక్కని అవతల పారేసి మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టేవాడు. సూపర్‌వైజర్లు తలలు పట్టుకునేవాళ్లు గానీ, ఆయన చేతిలోంచి వెళ్లిన ముక్క వెనక్కి వచ్చిన పాపాన పోలేదు. ఇంట్లో గోడకి మేకు కొట్టాలన్నా ఇదే తంతు. ఆయన స్కేలూ పెన్సిలూ వెతుక్కుని గుర్తు పెట్టేలోగా, ఆయన భార్య పక్కనే ఇంకో మేకు కొట్టి పటం తగిలించేసి చేతులు దులుపుకునేది.

ఆమె బట్టలు కుట్టేది. ముందుగదిలో మిషను, గోడకి అద్దం. వీధిలో సగం మంది ఆడవాళ్ల కొలతలు ఆమెకి నోటికి వచ్చు. ఇరవై మూడేళ్ల కిందట ఒక మధ్యాహ్నం మిల్లీమీటరు పాత ఇనుము కొట్టునుంచి ఒక కారుని లారీ మీద ఎక్కించుకొచ్చినప్పుడు ఆమె నోట్లో గుండుసూదులు పెట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. ఒకప్పుడు పందేలకి వాడిన రకం బండి. పైకప్పు లేదు, ఇంజను సగమే ఉంది, ఎర్రరంగు చాలాచోట్ల తుప్పు రంగులో కలిసిపోయింది. ఆమె సూదులన్నీ తీసి, "రెండే సీట్లా?" అని అడిగి, "మనకి సరిపోతాయిలెండి" అంది. పిల్లలు లేని ఆ ఇంట్లో అంత మాట అంత తేలిగ్గా అనగలిగింది ఆమె ఒక్కతే.

రెండేళ్లలో దీన్ని బాగుచేసి ఊరవతల ఆనకట్ట మీది రోడ్డు చివరిదాకా నిన్ను తిప్పుకొస్తానని ఆయన మాటిచ్చాడు. ఆ సైజు టైర్లు ఇక దొరకవని ఎవరో చెప్పేసరికి అన్నిటికంటే ముందు టైర్లే కొన్నాడు. ఇంజను లేని బండికి నాలుగు కొత్త టైర్లు. ఆ రోజుల్లో అది ముందుచూపు అనుకున్నాడు.

రెండేళ్లు కాస్తా ఇరవై మూడయ్యాయి. ఇంజను మూడుసార్లు విప్పి మూడుసార్లు బిగించాడు. గేరు చక్రాలు దొరక్కపోతే తనే చెక్కుకున్నాడు, నచ్చక మళ్లీ చెక్కుకున్నాడు. మొదటి టైర్లు ఒక్క గజమైనా దొర్లకుండానే పగుళ్లిచ్చాయి. పదకొండేళ్ల కిందట ఇంకో నాలుగు కొన్నాడు. అవీ గోనెపట్టాల్లో పడుకున్నాయి. బండి మాత్రం రేకుల షెడ్డులో చెక్క దిమ్మెల మీద నిలబడే ఉంది. షెడ్డులో వెలుతురు బాగుంటుందని ఆమె పక్కసీట్లో కూర్చుని అంచులు కుట్టుకునేది. "ఎంతదాకా వచ్చాం?" అని అడిగేది అప్పుడప్పుడు. "దగ్గరికొచ్చేశాం" అనేవాడు ఆయన ఇంజనులోంచి తల ఎత్తకుండా.

ఈ ఏడు మొదట్లో ఆమెకి నడుం నొప్పి అన్నారు. మిషను మీద వంగి వంగి వచ్చిందన్నారు. నాలుగు నెలలు తిరిగాక అది మిషను వల్ల వచ్చింది కాదని తేలింది. క్యాన్సరు ఎముకల్లోకి పాకింది, ముఖ్యంగా వెన్నులోకి. డాక్టరమ్మ కాగితాలు మూసి, "ఇప్పుడు కూర్చోగలరు, నాలుగడుగులు వేయగలరు. రెండు నెలలో మూడు నెలలో ఇలా గడవచ్చు. ఆ తర్వాత సంగతి చెప్పలేను. ఎక్కడికైనా తీసుకెళ్లాలని ఉంటే ఆలస్యం చేయకండి" అంది.

ఇంటికొచ్చే దారిలో ఎక్కడికి వెళ్దామని ఆయన అడిగాడు.

"ఎక్కడికీ వద్దు. ఆనకట్ట దాకా చాలు" అంది ఆమె.

అప్పటికి ఇంజను తిరుగుతోంది, బ్రేకులు పట్టుకుంటున్నాయి. ఇక మిగిలింది టైర్లే. మర్నాడే గోనెపట్టాలోంచి ఒక టైరు తీసి బావమరిది వ్యానులో వేసుకుని ఇద్దరూ టైర్ల షాపుకి వెళ్లారు. బావమరిది స్కూలు వ్యాను నడుపుతాడు. అక్కంటే ప్రాణం, బావంటే వేళాకోళం. షాపు నడిపేది ఒక అమ్మాయి. తండ్రి పోయాక జాకీ తనే ఎత్తుకుంది. మిల్లీమీటరు ఆ తండ్రికి స్నేహితుడు కాబట్టి ఆమెకి బాబాయ్.

ఆమె టైరుని పక్కకి తిప్పి, అంచు దగ్గర అచ్చేసి ఉన్న నాలుగు అంకెల మీది దుమ్ము తుడిచింది. ఏ టైరు మీదైనా ఆ నాలుగు అంకెలు చూస్తే అది ఏ ఏడాది ఏ వారంలో పుట్టిందో తెలిసిపోతుంది.

"గాడి చూస్తే నిన్న కొన్నట్టుంది బాబాయ్. రబ్బరు మాత్రం చెక్కయిపోయింది." బొటనవేలి గోరు గట్టిగా నొక్కి చూపించింది. గుర్తు పడలేదు. "వేగంలో ఇది పగిలిందంటే ఇద్దరూ ఆనకట్ట కింద ఉంటారు. ఇవి నేను బిగించను."

"మరి?"

"మూడు దార్లు. వెడల్పువి రేపు తెప్పిస్తాను, మలుపు తిప్పినప్పుడల్లా మడ్‌గార్డుకి రాసుకుంటాయి. చిన్న వ్యాన్లకి వేసేవి ఇదే సైజులో నా దగ్గరున్నాయి, ఇప్పుడే బిగించేస్తాను. బరువు మోసే టైర్లు కదా, కొంచెం బిరుసు. గాలి తక్కువ పెడితే మెల్లగా పోవచ్చు. అసలైనవే కావాలంటే బయటి దేశంనుంచి రావాలి. ఏడు వారాలు."

"వ్యానువి బిగించేయమ్మా" అన్నాడు బావమరిది.

"గాలి తక్కువ పెట్టి నడపడం పద్ధతి కాదు" అన్నాడు మిల్లీమీటరు.

"బావా, మనం వెళ్లేది ఆనకట్ట దాకా. చంద్రుడి దాకా కాదు."

"బిరుసు టైర్లు కుదుపుతాయి. మీ అక్క వెన్ను తట్టుకోదు. అసలైనవే తెప్పించమ్మాయ్."

ఆ మాటలో నిజముంది. కాకపోతే కొంచెమే ఉంది. ఆమెకి జబ్బు లేకపోయినా ఆయన ఆ మాటే అనేవాడని బావమరిదికి తెలుసు, టైర్లమ్మాయికి తెలుసు, లోలోపల ఆయనకీ తెలుసు. ఇంటికొచ్చి చెప్తే భార్య నవ్వింది. "ఏవో నాలుగు గుండ్రంగా ఉన్నవి బిగించకూడదూ? నేనేమన్నా పందేనికి వెళ్తున్నానా?" అని, ఆయన మొహం చూసి, "సరే, మీకు నచ్చినట్టే కానీయండి" అంది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆమె అలా అంటూనే ఉంది. ఎప్పుడైనా ఒక్కసారి కాదని పోట్లాడి ఉంటే బాగుండేదని ఈ కథ చెప్పేవాడికి అనిపిస్తుంది గానీ, ఎవరి కాపురం వాళ్లది.

ఆ ఏడు వారాలూ ఆమె రోజూ పొద్దున గోడ పట్టుకుని షెడ్డుదాకా నడిచేది. అలవాటు తప్పకూడదట. మొదట్లో పది నిమిషాలు పట్టేది, తర్వాత పావుగంట, తర్వాత అరగంట. సీటు నేలకి జానెడెత్తులో ఉంటుంది కాబట్టి అందులోకి దిగడం, మళ్లీ లేవడం తమ్ముడి చెయ్యి పట్టుకుని సాధన చేసింది. ఏ దుప్పటి కప్పుకోవాలో, జుట్టు ఎగరకుండా ఏం కట్టుకోవాలో తీసి పెట్టుకుంది. వీధిలోవాళ్లకి చెప్పింది కూడా.

చెప్పిన రోజుకే టైర్లొచ్చాయి. మెత్తగా, నల్లగా, కొత్త రబ్బరు వాసనతో. మిల్లీమీటరు కళ్లజోడు పెట్టుకుని ఒక్కోదాని అంకెలు చూశాడు. మొదటిది ఈ ఏడాదిది, రెండోది అదే, మూడోది అదే. నాలుగోది రెండేళ్ల ముందుది.

"గోడౌన్లో వెనక ఉండిపోయిందేమో. రెండేళ్లంటే టైరుకి ఏమీ కాదు బాబాయ్, చూడండి గోరు ఎలా దిగుతుందో. మా నాన్న ఉన్నా బిగించమనేవాడు" అంది టైర్లమ్మాయి.

"ఒకే ఇరుసు మీద రెండు వయసుల రబ్బరు ఉండకూడదు. పట్టు తేడా వస్తుంది."

"బావా." బావమరిది గొంతులో వేళాకోళం లేదు. "నీ కాళ్లు పట్టుకుంటాను. బిగించెయ్."

"మార్చి పంపడానికి ఎన్నాళ్లు పడుతుంది?"

"పన్నెండు రోజులు" అంది టైర్లమ్మాయి నేలచూపులు చూస్తూ.

"పన్నెండు రోజులేగా" అన్నాడు మిల్లీమీటరు.

ఇంటికెళ్లి చెప్పాడు. ఆమె జుట్టుకి కట్టుకోవడానికి తీసిన గుడ్డ మడతపెట్టి పక్కన పెట్టింది. "పన్నెండు రోజులేగా" అంది తనూ.

తొమ్మిదో రోజు పొద్దున ఆమె మంచం అంచున కూర్చుని చెప్పుల కోసం వంగింది. అంతే. ఆయన పక్కగదిలో ఉండి కేక విన్నాడు. ఆసుపత్రిలో ఫొటోలు తీసి, వెన్నుపూస ఒకటి నలిగిపోయిందన్నారు. ఇక ఇంటి దగ్గర పడుకునే ఉండాలి, తల వైపు రెండు బెత్తెలకి మించి ఎత్తకూడదు. కారులో కూర్చోవచ్చా అని అడిగాడాయన. ఏ కారని డాక్టరమ్మ అడిగింది. చెప్పాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

నాలుగో టైరు పన్నెండో రోజుకి వచ్చింది, ఒక్కపూట కూడా ఆలస్యం లేకుండా. అంకెలు మిగతా మూడింటితో సరిగ్గా కలిశాయి. మిల్లీమీటరు వాటిని చూసి టైరుని అవతలికి దొర్లించేశాడు. తీసుకెళ్లి ఎక్కడైనా తగలబెట్టమన్నాడు. ఆ సంగతి తెలిసి భార్య పిలిపించింది.

"బిగించి ఒకసారి తిప్పి రండి. నా కోసం. వచ్చి ఎలా ఉందో చెప్పండి."

బావమరిది మంచాన్ని కిటికీ వైపు జరిపాడు. మధ్యాహ్నం ఎండలో ఎర్ర బండి మొదటిసారి దిమ్మెలు దిగి, షెడ్డు దాటి, వీధిలోకి వచ్చింది. ఆమె పడుకునే చెయ్యి ఊపింది.

ఊరు దాటేదాకా ఆయన ఏడుస్తూనే నడిపాడు. ఆనకట్ట ఎక్కాక రోడ్డు నిటారుగా, ఖాళీగా ఉంది. మూడో గేరు వేశాడు, నాలుగోది వేశాడు. తను చెక్కిన చక్రాలు ఒకదానిలో ఒకటి చప్పుడు లేకుండా కూర్చున్నాయి. టైర్లు రోడ్డుని పట్టుకున్న తీరు స్టీరింగులోంచి అరచేతుల్లోకి తెలుస్తోంది. గాలి మొహానికి కొట్టింది. ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క లోయ. ఎప్పుడు ఏడుపు ఆగిందో, ఎప్పుడు నవ్వాడో ఆయనకి తెలియదు. ఆనకట్ట చివర బండి తిప్పడానికి పక్కకి చూసేదాకా ఆ సీటు ఖాళీగా ఉందన్న సంగతే గుర్తు రాలేదు. బతుకులో అంత సంతోషం ఆయన ఎన్నడూ ఎరగడు. దాని వెనకే వచ్చినంత సిగ్గునీ ఎరగడు.

"ఎలా ఉంది?" అని అడిగింది ఆమె, కళ్లు మెరుస్తుంటే.

బాగుందని ఏ మొహం పెట్టుకుని చెప్తాడు? "ఎడమకి లాగుతోంది" అన్నాడు.

"అయ్యో. ఇంకా?"

"చప్పుడు ఎక్కువ. కుదుపు కూడా. నువ్వు రాకపోవడమే మంచిదైంది."

ఆమె ఆ తర్వాత పందొమ్మిది రోజులుంది. రోజూ అడిగేది, ఆనకట్ట మీద ఎలా పరిగెత్తిందో చెప్పమని. ఆయన రోజూ ఒక కొత్త లోపం చెప్పేవాడు. గేరు గట్టిగా ఉందని, బ్రేకు ఆలస్యంగా పట్టుకుంటోందని. ఆమె ఓపిగ్గా వినేది. నోరు తెరిచి ఆ పది నిమిషాలూ ఉన్నదున్నట్టు చెప్పి ఉంటే ఏమయ్యేదో. చెప్పలేదు.

అంతా అయిపోయిన వారానికి బావమరిది షెడ్డులోకి వచ్చాడు. బండి మీద పట్టా కప్పి ఉంది.

"బావా, ఒక మాట అడుగుతాను. బండి నిజంగా అంత పాడుగా ఉందా?"

"ఎందుకు?"

"అక్క చివరిదాకా అదే బాధపడింది. 'పాపం మీ బావ ఇరవై మూడేళ్లు కష్టపడ్డాడురా, తీరా చేసి అది సరిగ్గా నడవనే లేదు, ఎంత కుమిలిపోతున్నాడో పైకి చెప్పడు, నువ్వే కాస్త కనిపెట్టుకుని ఉండు' అంది."

పట్టా ఒక పక్క వేలెడు ఎక్కువ వేలాడుతుంటే మిల్లీమీటరు లాగి సరిచేశాడు. మళ్లీ సరిచేశాడు. స్కూలు వదిలే వేళైందని చెప్పి బావమరిది వ్యాను తాళాలు తీసుకుని వెళ్లిపోయాడు.