చప్పుడు తగ్గిన బడి

నా చిన్నప్పుడు కట్టంగూరు దగ్గరి మా ఊళ్ళో బడి ఎంత గట్టిగా వినబడితే చదువు అంత బాగున్నట్టు లెక్క. పొలానికి పోయేవాళ్ళు బడి ముందు కాసేపు ఆగేవాళ్ళు. ఎక్కాలు రోడ్డు దాకా వినబడితే సారు మంచోడని మెచ్చుకుంటూ పోయేవాళ్ళు. ఉన్నది ఒకటే రేకుల గది, అందులో రెండు తరగతులు. మేం మూడో ఎక్కం ఎత్తుకుంటే, పక్కవాళ్ళు పంతానికి ఏడో ఎక్కం ఇంకా గట్టిగా ఎత్తుకునేవాళ్ళు.

నేను వెనక వరసలో కూర్చునేదాన్ని. సారు అడిగింది నా దాకా వచ్చేదే కాదు. లేచి బిక్కమొహం వేసేదాన్ని. అట్లా నాకు మొద్దు అని పేరు పడింది, నేనూ నిజమేననుకున్నాను. మా బాపు అయితే నన్ను బడి మాన్పించి మేకల వెంట పంపాలని ఖాయం చేసుకున్నాడు.

అప్పుడే సారు స్థానంలో కొత్త టీచరమ్మ వచ్చింది. ఒక తరగతి చదివేటప్పుడు రెండోది పలకల మీద రాసుకోవాలంది. నాకు మొదటిసారి పాఠం చెవిన పడింది. ఊరికి మాత్రం ఆ పద్ధతి నచ్చలేదు. టీచరమ్మ కునుకు తీస్తోందని చాయ్ హోటల్లో ఒకటే గుసగుసలు. అవి విని బాపు సరాసరి బడికొచ్చాడు.

"సదువు లేదు, సట్టుబండలు లేవు. నా బిడ్డను తోల్కపోత" అన్నాడు.

టీచరమ్మ వాదించలేదు. బాపును వెనక వరసలో నా పక్కన కూర్చోబెట్టి, రెండు తరగతులనూ పాత పద్ధతిలో ఎక్కాలు ఎత్తుకోమంది. దొరికిందే సందని పిల్లలు రేకులు అదరగొట్టారు. ఆ గోలలో ఆమె బల్ల దగ్గరి నుంచే బాపును ఏదో అడిగింది. బాపు "ఆఁ?" అన్నాడు. మళ్ళీ అడిగింది. మళ్ళీ "ఆఁ?" అన్నాడు. ఆమె చెయ్యెత్తి అందరినీ ఆపింది.

"నీ బిడ్డ పేరేందని అడిగిన. అది గూడ తెల్వదా, అన్నా?"

"తెల్వక కాదమ్మా, ఇనవడలే" అన్నాడు బాపు.

"బిడ్డకు గూడ గంతే."

తర్వాత నన్ను లేపి, మామూలు గొంతుతో ఏడెనిమిదులెంత అని అడిగింది. యాభై ఆరు అన్నాను. బాపు నావైపు చూసిన ఆ చూపు నాకెంత సంతోషమిచ్చిందో చెప్పలేను. లేచాడు. గడప దాటబోతూ ఆగి, "జర మెల్లగ సదువుండ్రి బిడ్డా" అని పిల్లలకే చెప్పి పోయాడు.

నేనూ టీచర్నయ్యాను, ఈ చుట్టుపక్కల బళ్ళలోనే పనిచేసి రిటైరయ్యాను. తెలంగాణ వచ్చాక మా బడికి కొత్త గదులు కట్టారు, హైవే మీద లారీల మోతా పెరిగింది. ఇప్పటికీ అప్పుడప్పుడూ వెళ్ళి పాఠం చెప్తాను. వెనక బెంచీ పిల్ల నోరు మెదపకపోతే కిటికీ మూసి, పక్కన కూర్చుని ఇంకోసారి అడుగుతాను. నా చేతికింద చదివినవాళ్ళలో మొద్దు పిల్ల ఒక్కతీ లేదు. ఈ మాట ఎవరి ముందైనా చెప్తాను.